నీలం ముద్ద

పాప చేతికి ఈరోజు మొదటిసారి ఆడుకునే పిండి ముద్ద ఇచ్చాను. బంతులు చేస్తుంది, పాములు చేస్తుంది, ఫోటోలు తీసుకోవచ్చు అని నిన్న రాత్రి నుంచే ఊహించుకుంటూ కూర్చున్నాను. ఆట మొత్తం కలిపి ఇరవై నిమిషాలు. అందులో పాప చేసిన పని ఒక్కటే, వేలు పెట్టి పొడవడం.

దానికి ఇంకా 20 నెలలే. బయట కొనుక్కునే ముద్దల డబ్బాల మీద ఎక్కువగా రెండేళ్లు దాటాక ఇవ్వమనే ఉంటుంది. దొరికిన ప్రతిదీ నోట్లో పెట్టుకునే వయసు కదా అని ఇంట్లోనే తయారు చేశాను. కప్పు మైదా, అరకప్పు ఉప్పు, కప్పు నీళ్లు, చెంచా నూనె, రెండు చెంచాల నిమ్మరసం, నాలుగు చుక్కల నీలం రంగు. అన్నీ కలిపి సన్న సెగ మీద పెట్టాను. చాలాసేపు పల్చగా, గడ్డలు గడ్డలుగా ఉండి చెడిపోయిందేమో అని టెన్షన్ పెట్టింది. పారబోద్దామా అనుకుంటూ ఉండగానే వేడికి పిండి నీళ్లన్నీ పీల్చుకుని, ఒక్కసారిగా గిన్నె అంచులు వదిలేసి గరిటె చుట్టూ ముద్ద కట్టింది. చల్లారాక పిసికితే ఎంత హాయిగా ఉందో! నిజం చెప్పాలంటే పాప నిద్ర లేచేదాకా దాన్ని పిసుకుతూనే ఉన్నాను.

ఇంట్లో చేసిందే కదా, తిన్నా ఏం కాదులే అని మొదట నేనూ అనుకున్నాను. అది తప్పు. బూజు పట్టకుండా ఉండాలని అంత ఉప్పు వేస్తాం, ఆ ఉప్పు ఎక్కువ మొత్తంలో కడుపులోకి పోతే చిన్నపిల్లలకి ప్రమాదం. అందుకే చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే కూర్చున్నాను. ఫోన్ పక్క గదిలో పెట్టేశాను. దాంతో ఫోటోలూ లేవు.

ముద్దని ఎదురుగా పెట్టగానే పాప రెండు చేతులూ వెనక్కి దాచేసుకుంది. ముద్దని చూసింది, నన్ను చూసింది, మళ్లీ ముద్దని చూసింది. నేను నొక్కి చూపించాను. కదల్లేదు. కాసేపటికి చూపుడు వేలు ఒక్కటి ముందుకొచ్చింది. అలా తాకి, ఇలా లాగేసుకుని, వేలంతా తిప్పి తిప్పి చూసుకుంది. అంటుకోలేదని నమ్మకం కుదిరాక మళ్లీ పెట్టి ఈసారి కొంచెం గట్టిగా నొక్కింది. వేలు సగం లోపలికి దిగిపోయింది.

"లేదు," అంది.

లాగింది. "ఉంది!"

అంతే, ఇక అదే ఆట. లేదు. ఉంది! లేదు. ఉంది! నేను ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని ఆడించే దాగుడుమూతల్ని అది తన వేలితో ఆడుకుంటోంది. మధ్యలో ఒకసారి వంగి, ఒక కన్ను మూసుకున్నాననుకుని రెండూ మూసుకుని, చిల్లులోకి తొంగి కూడా చూసింది.

ఊరికే ఉండలేక ఒక బంతి చేసి ఇచ్చాను. దాన్ని పొడిచింది. పాము చేస్తే రెండు ముక్కలు చేసి, ఒకటి నాకిచ్చి, రెండోదాన్ని పొడిచింది. సరే, ఈసారి తప్పకుండా నచ్చుతుందని నాలుగు కాళ్లు, చెవులు, తొండంతో బుద్ధిగా ఒక ఏనుగుని చేశాను. చిన్నప్పుడు డ్రాయింగ్‌లో నాకొచ్చిన మార్కులకి ఆ ఏనుగు గొప్ప విషయమే. పాప దాన్ని దగ్గరికి లాక్కుని, మెచ్చుకుంటుందని నేను చూస్తూ ఉండగానే, కడుపులో వేలు దింపింది. "లేదు." కాస్త బాధేసిన మాట నిజం.

నోట్లో పెట్టుకోవడం కూడా అయింది. చిన్న ముక్కే. ముఖం ముడుచుకుపోయి, నాలుక మొత్తం బయటపెట్టి, ఆ ముక్కని నా అరచేతిలో ఉమ్మింది. ఇక ఆ జోలికి పోదనుకున్నాను. ఐదు నిమిషాల తర్వాత, ఇంకా అలాగే ఉందా లేదా అన్నట్టు మళ్లీ నాలుక తగిలించి చూసుకుంది. అలాగే ఉంది.

మధ్యాహ్నం అది పడుకున్నాక చాప మీద అంటుకున్న నీలం ముక్కల్ని తడిగుడ్డతో తుడిచి ఇంకా పెద్ద మరక చేశాను. ఎండనిచ్చి బ్రష్‌తో దులిపితే రాలిపోతుందని ఆ తర్వాత చదివాను. ఎప్పుడూ ఇంతే. ఆ చదవడంలోనే ఇంకోటి తెలిసి నవ్వొచ్చింది. పిల్లలందరూ ఆడుకునే ప్లే-డో, అంటే డబ్బాల్లో అమ్మే ఇలాంటి రంగు ముద్ద, మొదట బొమ్మే కాదట. 1930లలో అమెరికాలో, బొగ్గు పొయ్యిల మసి పట్టిన, గోడలకి అంటించే కాగితాల్ని శుభ్రం చేయడానికి అమ్మిన ముద్ద. తర్వాత బొగ్గు వాడకం తగ్గి, కడిగితే పోయే వినైల్ కాగితాలు రావడంతో దాని అవసరం తీరిపోయింది. అప్పుడు కే జుఫాల్ అనే నర్సరీ టీచర్ దాన్ని తన బడి పిల్లల చేతికిచ్చి చూసింది. పిల్లలకి తెగ నచ్చింది, 1956లో ఆటవస్తువుగా బజారుకొచ్చింది. ఆ పేరు పెట్టిన ఘనత కూడా ఆవిడకే ఇస్తారు. గోడలు తుడవడానికి పుట్టిన వస్తువు. మా హాలు గోడకి, సరిగ్గా పాప చెయ్యి అందేంత ఎత్తులో, ఒక నీలం ముక్క ఇప్పటికీ అంటుకునే ఉంది.

మిగిలిన ముద్దని గాలి చొరబడని డబ్బాలో పెట్టాను. ఏనుగుని మాత్రం ముద్దలో కలపబుద్ధి కాక అలమర మీద ఉంచాను. సాయంత్రానికి పైపైన ఆరి బీటలొచ్చాయి, తొండం ఊడి కింద పడింది.

మా ఆయన ఆఫీసు నుంచి రాగానే దాన్నే చూశారు.

"అరె, పాప చేసిందా? కుక్క భలే కుదిరిందే!"

"ఏనుగు," అన్నాను. "నేను చేశాను."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత దాన్ని అటూ ఇటూ తిప్పి, "మరి కడుపులో ఈ చిల్లేంటి?" అన్నారు.

"అది పాప చేసింది."