కొండ మీద గడ్డిపూలు, పాత హీలియోస్

పూలు విరగబూసే రోజుల్లో ఒకసారి ఆ కొండెక్కాలని చాన్నాళ్లుగా ఉంది, మొత్తానికి వెళ్లొచ్చాను. చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్స్ కావాలనే తీసుకెళ్లలేదు. మిర్రర్‌లెస్ కెమెరా, పాత మరల లెన్స్‌ని దానికి తగిలించే ఎం42 అడాప్టర్, లెన్స్‌ని కెమెరాకి దూరం జరిపి దగ్గరి ఫోకస్ ఇచ్చే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, సోవియట్ కాలపు హీలియోస్ 44-2 లెన్స్, ఒక ట్రైపాడ్, అంతే.

చీకటితోనే నడక మొదలుపెట్టాను, ఎందుకంటే ఎండెక్కితే గాలి లేస్తుంది, గాలి లేస్తే ఇక ఫోకస్ స్టాకింగ్ (ఫోకస్ జరుపుతూ తీసిన ఫ్రేములన్నీ ఒకే బొమ్మగా కలపడం) కథ కంచికే. పైకి చేరేసరికి గడ్డంతా మంచు, మధ్యమధ్య చిటికెన వేలి గోరంత పసుపు పూలు.

ఈ లెన్స్ 58 ఎంఎం, ఎఫ్/2. అరమీటరు కన్నా దగ్గరికి ఫోకస్ కాదు, అందుకే ట్యూబులు. సుమారు 58 ఎంఎం పొడవు ట్యూబులు వేస్తే పువ్వు సెన్సార్ మీద అసలు సైజులో పడుతుంది కానీ, అప్పుడు ఎఫ్/5.6లో కూడా షార్ప్‌గా వచ్చేది మిల్లీమీటరు లోపే. కేసరాలు దొరికితే రేకులు పోతాయి. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఇంకా చిన్నది చేసి, ఎక్కువ లోతు షార్ప్‌గా వచ్చేలా ఎఫ్/16 పెట్టొచ్చు కదా అంటారు. పెడితే అంత దగ్గర్లో అది ఎఫ్/32లా పనిచేసి, డిఫ్రాక్షన్‌తో (చిన్న రంధ్రం అంచుల దగ్గర వెలుతురు చెదరడంతో) బొమ్మంతా మెత్తబడుతుంది, పైగా వెనకున్న గడ్డిపోచలు తేలిపోతాయి. పాత లెన్స్ మోసుకెళ్లిందే ఆ వెనక భాగం కోసం! ఎఫ్/4 దగ్గరే ఉంచి, ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన ఫ్రేములన్నీ కలిపితే పువ్వంతా షార్ప్‌గా ఉంటుంది, వెనక మాత్రం కరిగిపోయినట్టే ఉంటుంది. నాకైతే స్టాకింగ్‌తో అసలు లాభం ఇదే. (హీలియోస్ అనగానే అందరూ అడిగే సుడి బొకే, అంటే వెనకున్న మసక సుడి తిరిగినట్టు కనిపించడం, ఇంత దగ్గర్లో పెద్దగా రాదు, ఆశ పెట్టుకోకండి.)

ఫోకస్ తనంతట తానే జరుపుతూ ఫ్రేములు తీసే, కెమెరాలో ఉండే ఫోకస్ బ్రాకెటింగ్ ఇలాంటి మాన్యువల్ లెన్స్‌తో పనిచేయదు, రింగు చేత్తోనే తిప్పాలి. మన వైపున్న రేకు అంచు నుంచి మొదలుపెట్టి, వెనక రేకు దాటేదాకా, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ కదలకుండా. బోర్లా పడుకుని ఇదంతా చేస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి, "ఏమన్నా పోగొట్టుకున్నారా?" అని అడిగారు. ఒక స్టాక్ మధ్యలో చీమొకటి రేకు మీద తాపీగా నడిచింది, కలిపాక చూస్తే అదే చీమ వరసగా ఊరేగింపు!

రూముకొచ్చి ఫ్రేములన్నీ కలిపే సాఫ్ట్‌వేర్ జెరీన్ స్టాకర్‌లో వేశాను. అందులో కలిపే పద్ధతులు రెండు, పీమ్యాక్స్, డీమ్యాప్. పీమ్యాక్స్‌లో సన్నటి కేసరాలు బాగా వస్తాయి కానీ నాయిస్ పెరుగుతుంది, డీమ్యాప్‌లో రంగులు నునుపుగా ఉంటాయి కానీ అంచులు తడబడతాయి. అందుకే డీమ్యాప్ బొమ్మ మీద కేసరాల వరకు పీమ్యాక్స్ నుంచి బ్రష్‌తో దిద్దాను. ఒక రేకు మరో రేకు మీదికొచ్చిన చోట్ల మసక అంచు మిగిలింది, అపర్చర్ బాగా తెరిచి తీస్తే అది తప్పదు. లోతైన పూలకైతే ఈసారి ఎఫ్/5.6తో చూస్తాను.