పదిన్నర దాకా ఆగితే

మొన్న ఏప్రిల్ చివరి శనివారం, పొద్దున ఎనిమిదింటికి కాలిఫోర్నియాలో స్కీయింగ్ చేసే మామత్ మౌంటెన్ కొండ దగ్గర, మెయిన్ లాడ్జ్ ముందు కారు ఆపి స్కీ బూట్లు తొడుక్కుంటున్నాను. తెనాలి నుంచి అమ్మ ఫోన్. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర.

"ఏప్రిల్లో కూడా మంచేమిటే అమ్మాయ్? ఇక్కడ ఫ్యాను కింద కూర్చున్నా చెమట ఆరట్లేదు" అంది. వీడియో ఆన్ చేసి చూపించాను. పార్కింగ్ పక్కన తోసి పోసిన మంచు మనిషెత్తు ఉంది. "మరి అంత దూరం వెళ్ళి ఎక్కకుండా కూర్చున్నావేం?" అంది. "ఎండ కోసం ఆగానమ్మా" అన్నాను. మంచులో ఆడటానికి ఎండ కోసం ఆగడమేమిటో ఫోన్లో చెప్పడం కుదరలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా ఇల్లు లాస్ ఏంజెలెస్‌లో, నార్త్‌రిడ్జ్ వైపు. 395 హైవే పట్టుకుని వెళితే ఐదు గంటల దారి. మొదటి రెండేళ్ళూ వసంతంలో కూడా జనవరిలో లాగే, కొండపైకి తీసుకెళ్ళే కుర్చీల లిఫ్టు తెరవగానే పరిగెత్తేదాన్ని. ఒక మే నెల పొద్దున బ్రాడ్‌వే వాలు మీద కాలు జారింది. కింద ఉన్నది మంచు కాదు, గాజు పలక. ఆపుకోవడానికి పట్టు దొరక్క చాలా దూరం జారిపోయాను. ఎడమ మణికట్టుకు ఐదు వారాలు కట్టు.

వసంతంలో పగలు ఎండకి పైపొర కరుగుతుంది. రాత్రి ఆకాశం తేటగా ఉంటే ఆ పొరలోని వేడి పైకి పోయి, కరిగినదంతా మళ్ళీ గడ్డకడుతుంది. ఇలా కొన్ని రోజులు కరిగీ గడ్డకట్టీ చిన్న రేణువులు మాయమై, పెద్దవి ఇంకా పెద్దవై గుండ్రంగా తేలతాయి. దాన్నే కార్న్ స్నో అంటారు. నాకైతే మొక్కజొన్న కంటే సగ్గుబియ్యమే గుర్తొస్తుంది. గ్లవ్ తీసి గుప్పెడు పట్టుకుంటే గింజ గింజా విడిగా కనిపిస్తుంది, లోపలికి వెలుగు పోతుంది, ముద్ద కట్టకుండా వేళ్ళ సందుల్లోంచి రాలిపోతుంది. ఆ గింజల మధ్య రాత్రి బిగిసిన పట్టు ఎండకి సడలి, పైన ఒకటి రెండు అంగుళాలు మెత్తబడి, అడుగున ఇంకా గట్టిగా ఉన్న సమయం ఒకటి ఉంటుంది. గంట, మహా అయితే గంటన్నర. స్కీ దానంతటదే తిరుగుతుంది, మోకాలికి శ్రమే తెలియదు. ఆ గంట కోసమే నా ఐదు గంటల డ్రైవింగ్.

ఆ సమయాన్ని చెవితో పట్టుకోవడం నాకు ఒక పెద్దాయన నేర్పారు. లిఫ్టులో పక్కన కూర్చున్నారు, ఆ ఊళ్ళోనే చాలా ఏళ్ళుగా ఉంటున్నారట. కళ్ళతో చూడకు, విను అన్నారు. నిజమే. పొద్దున్నే పైనుంచి వచ్చేవాళ్ళ స్కీల కింద గరగరమని, రేకు మీద గీకినట్టు చప్పుడు. తొమ్మిదిన్నరకి కరకర. పదిన్నర ప్రాంతంలో ఒక్కసారిగా ఆ శబ్దం మెత్తబడి సరసర అవుతుంది. అప్పుడు లేవాలి. చపచప మొదలైతే దిగిపోవాలి.

కొండంతా ఒకేసారి మెత్తబడదు. తూర్పు ఎండ తగిలే వాలులు, కింది ఎత్తులోవి ముందు. ఉత్తరం వైపు తిరిగి ఉన్నవి, పైవి ఆఖర్న. కాబట్టి నేను బ్రాడ్‌వేతో మొదలుపెట్టి మెల్లగా పైకి జరుగుతాను. తీగల మీద నడిచే గండోలాలో శిఖరం దాకా వెళితే 11,053 అడుగులు. పడమట మినరెట్స్ కొండలు రంపపు పళ్ళలా కనిపిస్తాయి, ఉత్తరాన మోనో సరస్సు. ధైర్యం చాలనివాళ్ళు రోడ్ రన్నర్ అనే దారిలో చుట్టు తిరిగి దిగొచ్చు. నేనూ మూడేళ్ళు అలాగే దిగాను. ఈసారి పదకొండుంబావుకి కార్నిస్ బౌల్ అనే వాలులోకి దిగాను. గాలి తోసుకొచ్చిన మంచు శిఖరం అంచున చూరులా వేలాడుతుంది, దాని పక్కనుంచి లోపలికి దిగాలి. మొదటి మలుపు దగ్గర ఊపిరి బిగబట్టాను. రెండోదానికి సరసరమని చప్పుడు వినపడింది. ఇక టెన్షన్ లేదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. తాడు కట్టి మూసిన చోటికి ఎవరూ వెళ్ళకండి. ఇది అగ్నిపర్వతం. మంచు కింద వాయువులు వచ్చే రంధ్రాలున్నాయి, వాటి వేడికి లోపల గుల్లవుతుంది, పైకి మామూలుగానే కనిపిస్తుంది. 2006 ఏప్రిల్ 6న అలాంటి ఒక రంధ్రం దగ్గర కొండ మీద స్కీయర్ల భద్రత చూసే స్కీ పాట్రోల్ సిబ్బంది ముగ్గురు చనిపోయారు. కంచె వేయడానికి వెళ్ళినవాళ్ళే ఇద్దరు అందులో పడిపోయారు, కాపాడబోయి మూడో ఆయనా పోయారు. ఆ వైపు వెళ్ళినప్పుడల్లా నేను వేగం తగ్గిస్తాను.

పన్నెండున్నరకి దిగిపోయాను. మధ్యాహ్నం మంచు స్కీలని పట్టేసుకుంటుంది, మోకాళ్ళకి ప్రమాదం ఎక్కువ. కారు దగ్గర పెరుగన్నం తింటుంటే మంచు గుట్ట అడుగునుంచి సన్నటి నీటిపాయ వచ్చి నా టైరు చుట్టూ తిరిగి పోతోంది. ఈ రిసార్టు పెట్టిన డేవ్ మెకాయ్ అసలు ఉద్యోగం లాస్ ఏంజెలెస్ నీళ్ళ శాఖలో, ఎంత మంచు పడిందో కొలవడం. ఇటువైపు కరిగిన నీళ్ళు ఓవెన్స్ నదిలో కలిసి, 1913లో తెరిచిన కాలవలో మా ఊరికొస్తాయి. 2022-23లో ఈ లాడ్జ్ దగ్గర 715 అంగుళాల మంచు పడింది, అంటే 18 మీటర్లు. ఆ ఏడు ఆగస్టు 6 దాకా స్కీయింగ్ నడిచింది. మా నాన్న ఏటా తొలకరికి కాలవ గట్టు మీదకెళ్ళి కృష్ణ నీళ్ళు వదిలారా లేదా అని చూసొచ్చేవారు. నేనూ ఆ పాయని అలాగే చాలాసేపు చూశాను.

వచ్చే శుక్రవారం రాత్రి మబ్బు అంటున్నారు. మబ్బు రాత్రి మంచు సరిగ్గా గడ్డకట్టదు, పొద్దున్నుంచే బురదలా ఉంటుంది. శనివారం రాత్రికి ఆకాశం తేటపడుతుందట. ఆదివారం వెళ్తాను.