గుణకారాన్ని వాయిదా వేస్తే: ఒక మ్యాట్రిక్స్ క్లాస్‌తో నా అనుభవం

మా సీ++ ట్రాకింగ్ కోడ్‌లో ఒక కల్మన్ ఫిల్టర్ (తప్పులుండే రీడింగుల నుంచి వస్తువు స్థితిని అంచనా వేసే పద్ధతి) ఉంది. సెన్సర్ నుంచి రీడింగ్ వచ్చిన ప్రతిసారీ «ఎక్స్ = ఎఫ్ * ఎక్స్ + యు» అనే లైను నడుస్తుంది. ఎఫ్ 6×6 మ్యాట్రిక్స్, మిగతా రెండూ వెక్టర్లు. చదవడానికి ముచ్చటగానే ఉంటుంది. సమయం ఎక్కడ పోతోందో చూపే పెర్ఫ్ టూల్ పెట్టి చూస్తే మాత్రం అసలు లెక్క కన్నా మెమరీ తెచ్చే మాలక్, దాన్ని వదిలేసే ఫ్రీలకే ఎక్కువ సమయం పోతోంది. * ఒక తాత్కాలిక వెక్టర్‌ను పుట్టిస్తుంది, + ఇంకోదాన్ని. 36 గుణకారాల కోసం రెండుసార్లు హీప్ (మాలక్ మెమరీ తెచ్చే చోటు) దగ్గరికి పరుగు! సైజు 1000×1000 అయితే ఈ గొడవే లేదు. పది లక్షల గుణకారాల పక్కన 8 కిలోబైట్ల వెక్టర్ ఏపాటిది? దెబ్బంతా చిన్న సైజుల దగ్గరే.

బ్లాస్ అనే గణిత లైబ్రరీలోని డీజెమ్‌వీ లాగా గుణకారం, కూడిక అన్నీ కలిపి చేసే ఒక ఫంక్షన్ రాసి, దాన్నే పిలవొచ్చు. వేగం వస్తుంది, కానీ కోడ్‌లో సూత్రం కనబడదు. ఐగెన్ లాంటి రెడీమేడ్ మ్యాట్రిక్స్ లైబ్రరీకి మారదామంటే పాత కోడంతా మా సొంత క్లాసుల మీదే నిలబడి ఉంది. అందుకే సీ++ సృష్టికర్త స్ట్రౌస్ట్రప్ 1997లోనే వివరించిన ఉపాయాన్ని పట్టుకున్నాను.

ఉపాయం ఇదీ. * ఆపరేటర్ ఏమీ గుణించదు. ఎఫ్, ఎక్స్‌ల రిఫరెన్సులను (కాపీ చేయకుండా అసలు వస్తువులనే చూపే పేర్లను) ఒక చిన్న ప్రాక్సీ (జవాబుకు బదులు నిలబడే) స్ట్రక్ట్‌లో పెట్టి తిరిగిస్తుంది. ఆ ప్రాక్సీకి వెక్టర్‌గా మారే కన్వర్షన్ ఆపరేటర్ ఉంటుంది. గుణకారం జరిగేది అందులోనే. ఇక «ప్రాక్సీ + వెక్టర్»కు విడిగా ఒక ఓవర్‌లోడ్ (అదే ఆపరేటర్‌కు వేరే రకాల కోసం ఇంకో రూపం) రాస్తే అది మూడు రిఫరెన్సులున్న రెండో ప్రాక్సీని ఇస్తుంది. యూజర్ రాసిన కన్వర్షన్ కంటే సరిగ్గా సరిపోయే ఓవర్‌లోడ్‌కే కంపైలర్ ఎప్పుడూ ముందు పీట వేస్తుంది. కాబట్టి ఓవర్‌లోడ్ ఉన్నచోట కలిపి చేసే దారి, లేనిచోట కన్వర్షన్ ద్వారా మామూలు దారి. పాత కోడ్‌లో ఒక్క ఫార్ములా కూడా మార్చనక్కర్లేదు. నాకు బాగా నచ్చింది ఇదే.

అసైన్‌మెంట్‌కు కూడా రెండో ప్రాక్సీని తీసుకునే ఓవర్‌లోడ్ ఇచ్చాను, ఉన్న మెమరీలోనే జవాబు రాసేలా. అసలు చిక్కు ఇక్కడే. మా లైనులో ఎక్స్ రెండు వైపులా ఉంది. నేరుగా రాస్తే మొదటి విలువ మారగానే మిగతా వరుసల లెక్క చెడుతుంది. అడ్రసులు పోల్చి, ఒకటే అయితే స్టాక్ మీద ఉన్న చిన్న అర్రేలో లెక్కగట్టి కాపీ చేయాలి. యు అదే వెక్టర్ అయినా భయం లేదు, ఎందుకంటే దాని ఒక్కో విలువను చదివాకే ఆ స్థానంలో రాస్తాం.

ఇంకో తలనొప్పి ఆటో, అంటే వేరియబుల్ రకాన్ని కంపైలర్‌కే వదిలేసే కీవర్డ్. «ఆటో పి = ఎఫ్ * ఎక్స్» అంటే పి వెక్టర్ కాదు, ప్రాక్సీ. తర్వాత ఎక్స్ మారితే పి ఇచ్చే జవాబూ మారిపోతుంది. ఎవరో ఒకరు అలా రాస్తారని తెలుసు కాబట్టి కన్వర్షన్ ఆపరేటర్‌కు && (తాత్కాలిక వస్తువుల మీదే పనిచేయాలనే గుర్తు) తగిలించాను, + ఓవర్‌లోడ్ కూడా తాత్కాలిక ప్రాక్సీలనే తీసుకునేలా చేశాను. ఇప్పుడు పేరు పెట్టి దాచుకున్న ప్రాక్సీని వాడబోతే కంపైలే కాదు. రెండో ప్రాక్సీ మొదటిదాని రిఫరెన్సును పట్టుకోకుండా, దాని లోపలి రిఫరెన్సులను తీసుకోవాలన్నదీ మరవకూడదు.

క్లాసులను టెంప్లేట్లు (వేర్వేరు సంఖ్యా రకాలకు పనికొచ్చే అచ్చులు) చేశాక మాత్రం ఓపిక పట్టాల్సి వచ్చింది. టెంప్లేట్ రకాలను ఊహించేటప్పుడు కంపైలర్ యూజర్ కన్వర్షన్లను లెక్కలోకి తీసుకోదు. దాంతో ప్రాక్సీని డాట్ ప్రొడక్ట్‌కు ఇస్తే ఎర్రర్లు పేజీలకు పేజీలు. ఆ ఫంక్షన్‌ను వెక్టర్ క్లాస్ లోపలే ఫ్రెండ్‌గా (లోపల రాసినా మెంబర్ కాని ఫంక్షన్‌గా) రాస్తే, రెండో ఆర్గ్యుమెంట్ అసలైన వెక్టర్ అయినప్పుడు పని జరుగుతుంది. రెండూ ప్రాక్సీలైతే ఒకదాన్ని చేత్తో మార్చాల్సిందే.

మొదట చెప్పిన ఆ లైనులో హీప్ కాల్స్ పూర్తిగా పోయాయి. ఫిల్టర్‌లోని కోవేరియన్స్ (అంచనాలో అనిశ్చితి ఎంతో చెప్పే మ్యాట్రిక్స్) లెక్కను మాత్రం ముట్టుకోలేదు. అందులో రెండు మ్యాట్రిక్స్ గుణకారాలు వరుసగా వస్తాయి. మొదటిదాని ఫలితాన్ని ఎక్కడో ఒకచోట ఉంచక తప్పదు. దానికి ముందే కేటాయించిన ఒక బఫర్ ఇచ్చి వదిలేశాను.