పరకాల కాంపౌండరు కొడుకు, వేల్స్ డాక్టరు

సౌత్ వేల్స్‌లో ఒకప్పుడు బొగ్గు గనులుండిన లోయలో జీపీగా, అంటే అన్ని జబ్బులకూ మొదట చూసే డాక్టరుగా పనిచేస్తున్నాను. ఒక్కో రోగికి పది నిమిషాలు. మాట, పరీక్ష, మందుల చీటీ, కంప్యూటర్‌లో రాత అన్నీ అందులోనే. గనిలో పట్టుకున్న దగ్గు గురించి పది నిమిషాల్లో చెప్పమంటే ముసలివాళ్లకు ముందు కోపం, ఆ వెనకే ఆయాసం వస్తాయి.

వాళ్లు పాతకాలం డాక్టర్లను తలుచుకుంటే నాకు పరకాల గుర్తొస్తుంది. మా నాన్న అక్కడ ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరు. డాక్టరుగారు చదివింది వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో. 1959లో ఆ కాలేజీ వచ్చేదాకా మావైపు పిల్లలు డాక్టరు చదువుకు హైదరాబాదు దారి పట్టాల్సిందే. ఫీజుకు లెక్కాపత్రం ఉండేది కాదు. పంట చేతికొచ్చాక బస్తా వడ్లో, కుంచెడు పెసలో ఆయన ఇంటికి చేరేవి. అదైనా నయమైనవాళ్ల సంగతి. నయం కానివాళ్ల ఇంట్లో అడగడానికి ఆయనకు నోరు వచ్చేది కాదు.

నాన్న పొద్దున్నే కిరసనాయిలు స్టవ్ వెలిగించి గాజు సిరంజీలు, సూదులు ఉడకబెట్టేవారు. మొద్దుబారిన సూదిని సానరాయి మీద రాసి, దూదిలోంచి లాగి చూసేవారు. పోగు పట్టుకుందంటే ఇంకా రాయాలి. ఎర్రమందు కలిపి సీసాలో పోసి, పళ్లు పళ్లుగా కత్తిరించిన కాగితం పట్టీ అంటించేవారు. ఒక్కో పన్ను ఒక్కో మోతాదు. సీసా రోగే తెచ్చుకోవాలి. కొన్ని సీసాలకు ఎంత కడిగినా నువ్వులనూనె వాసన పోయేది కాదు.

ఆ రోజులే బంగారమని ఊరి మిత్రులు వాట్సాప్‌లో రాస్తే ఒళ్లు మండుతుంది నాకు. నీళ్లు సరిగ్గా మరగకపోతే అదే సూది ఒకరి కామెర్లను మరొకరికి అంటించగలదు. కొడవలితో బొడ్డు కోసిన పసిగుడ్డుకు ధనుర్వాతం వస్తే, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లండి అనడం తప్ప డాక్టరుగారికి దారి లేదు. బస్సు దొరకాలి కదా!

ఇక్కడికి దగ్గర్లోని ట్రెడెగర్‌లో కార్మికులు జీతంలోంచి కొంత జమచేసి తామే వైద్యసంఘం నడుపుకున్నారు. ఆ ఊళ్లోనే 1897లో పుట్టిన అన్యూరిన్ బెవన్, ఆరోగ్యమంత్రిగా 1948 జూలై 5న దేశమంతటికీ ఉచిత వైద్యం తెచ్చారు. మనవైపు గోదావరిఖని, బెల్లంపల్లి కార్మికులకూ సింగరేణి ఆసుపత్రులున్నాయి. పరకాల రైతుకు మాత్రం డాక్టరుగారి మొహమాటమే దిక్కు. మంచితనం మీద ఆధారపడే వైద్యం మంచి వైద్యం కాదని నా అభిప్రాయం. నాన్న ఒప్పుకోరనుకోండి.

ఒక్క విషయంలో మాత్రం ఆ డాక్టరుగారిని చూసి ఈర్ష్య పడతాను. డాక్టరుగారికి ఇళ్లు తెలుసు. స్కూటర్ దిగి వంటగదిలోకి తొంగిచూస్తే ఆ ఇల్లాలి దగ్గు ఎందుకో పొయ్యి పొగే చెప్పేది. నాకు రోగి రక్తపరీక్షలన్నీ తెర మీద కనిపిస్తాయి, అతను ఎక్కే మెట్లు కనిపించవు. అందుకే గురువారం మధ్యాహ్నం కొందరు వృద్ధుల ఇళ్లకు వెళ్తాను. ఆ సమయంలో క్లినిక్‌లో ఇంకెంతో మందిని చూడొచ్చని మా మేనేజరమ్మ లెక్క. లెక్కలో తప్పేమీ లేదు. మొన్న ఒకాయన పడకగదిలో గోడంతా నల్లటి బూజు. ఆయనకు కొత్త మందేమీ రాయలేదు. గోడ బాగుచేయించమని ఇంటి యజమానికి ఉత్తరం రాశాను.