బ్యాటరీ పోయిన ఆటో

కంచరపాలెంలో మా వీధి కుర్రాడొకడు, పదిహేనేళ్లవాడు, పక్కింటి ఆటో బ్యాటరీ దొంగిలించి పాత సామాన్ల కొట్టులో అమ్మేశాడు. కేసు పెట్టకుండా పెద్దలు ఇరువైపులవారినీ అరుగు మీద కూర్చోబెట్టగా, బండి తిరగని మూడు రోజులూ పాలు కూడా అప్పుకే తెచ్చుకున్నామని ఆటో ఆయన చెబుతుంటే, అంతవరకూ నేలచూపులు చూస్తున్న కుర్రాడు మొదటిసారి తలెత్తాడు.

తప్పు చేసిన పిల్లల్ని, వాళ్ల కుటుంబాన్ని, నష్టపోయినవారిని ఇలా ఒకచోట కూర్చోబెట్టే ‘కుటుంబ సమావేశాల’కు న్యూజిలాండ్ 1989లోనే చట్టంలో చోటిచ్చింది. మన 2015 బాల న్యాయ చట్టం 18వ సెక్షన్ కౌన్సెలింగ్‌కు, సమాజ సేవకు వీలు కల్పించినా, నష్టపోయినవారితో ముఖాముఖి మాట్లాడించే ప్రస్తావన అందులో లేదు. నా దృష్టిలో అది పెద్ద లోటు. (అరుగు మీది తీర్పుల్లో బలవంతుడి మాటే నెగ్గిన సందర్భాలూ చూశాను.)

కుర్రాడు నెలపాటు తెల్లవారుజామునే ఆ ఆటో కడిగాడు. బ్యాటరీ సొమ్ము వాళ్లమ్మ వాయిదాల్లో కట్టింది.