రెండు బృందాల యుగళగీతం: శ్రుతి దగ్గరే జాగ్రత్త

అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ 1968లో విడుదల చేసిన 'ఐయామ్ గొన్నా మేక్ యూ లవ్ మీ'ని హైదరాబాద్‌లో స్టేజీ ఎక్కించాలనుకునే బృందాలు ముందు శ్రుతి తేల్చుకోవాలి. ఆడవాళ్ళ బృందం సుప్రీమ్స్ తరఫున డయానా రాస్, మగవాళ్ళ బృందం టెంప్టేషన్స్ తరఫున ఎడ్డీ కెండ్రిక్స్ ప్రధానంగా పాడారు. కెండ్రిక్స్‌ది పై స్థాయిలో తేలే సన్నటి గొంతు. పాట అందమంతా అక్కడే ఉంది! మగగొంతుకు అందడం లేదని శ్రుతి బాగా దించేస్తే డయానా వరుసలు కిందికి జారి వాద్యాల్లో కలిసిపోతాయి. అర శ్రుతి, మహా అయితే ఒక శ్రుతి దించండి. అప్పటికీ అందకపోతే గాయకుణ్ణి మార్చడమే మేలు.

కోరస్‌లో ఇద్దరికో మైకు చాలు, మూరెడు దూరంలో. మధ్యలో టెంప్టేషన్స్‌కే చెందిన ఓటిస్ విలియమ్స్ చెప్పే మాటల్ని డైలాగులా దంచకుండా, పక్కనున్న మనిషితో అన్నట్టు అనాలి. కోరస్‌కి సికింద్రాబాద్ చర్చి కోయిర్లలో వెతకండి. నాలుగు గొంతుల పాటకు అలవాటుపడ్డవాళ్ళు అక్కడ దొరుకుతారు.