గౌను లండన్ నుంచి వచ్చిందట

పిల్లలు పడుకున్నారు. అత్తయ్యగారు మోకాళ్ళకి నూనె రాసుకుని పడుకున్నారు. ఈయన క్రికెట్ హైలైట్స్ మధ్యలోనే గురక. నాకే మధ్యాహ్నం నుంచి ఒక గౌను బుర్రలోంచి పోవట్లేదు, రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

చిన్నదానికి ఈ ఏడాది వర్జీనియా చరిత్ర మొదలైంది. ఈ రాష్ట్రంలో నాలుగో తరగతి అంటే అదే గోల. పెద్దాడి టైములో ఐస్‌క్రీమ్ పుల్లలతో జేమ్స్‌టౌన్ కోట కడుతూ నేను ఎంత జిగురు పూసుకున్నానో మీకు తెలుసు. ఊళ్ళో మ్యూజియం వాళ్ళు 1774లో, అంటే ఇది ఇంకా ఇంగ్లీషువాళ్ళ కాలనీగా ఉన్నప్పుడు, ఇక్కడి జనం ఎలా బతికారో వేషాలు వేసి చూపిస్తున్నారని బడి నుంచి కాగితం వస్తే వెళ్ళాం. పార్కింగ్ సంగతి తర్వాత.

బాగానే ఉంది, కాదనను. పిల్లలకి సీసాల్లో మీగడ పోసిచ్చి ఊపమన్నారు, వెన్న తేలగానే అందరూ చప్పట్లు. అత్తయ్యగారు నా చెవిలో “దీనికి టికెట్టా అమ్మాయ్?” అన్నారు. ఇంకోచోట ఉన్ని ఏకడం, కరిగిన కొవ్వులో ఒత్తిని ముంచి తీసి, ముంచి తీసి కొవ్వొత్తి చేయడం. తలా చేతులూ కన్నాల్లో దూర్చి నిలబెట్టే బొండకొయ్య దగ్గర ఫోటోలకి పెద్ద క్యూ. ఒకప్పుడు ఊరందరి ముందూ మనిషిని అవమానించడానికి పెట్టిన కొయ్యలో తల పెట్టి నాలుక చాపడం ఏం సరదానో నాకు అర్థం కాదు. పెద్దాడు దిగాడనుకోండి.

తర్వాత వంటగది. పెద్ద పొయ్యి, నిప్పుల మీద మూడు కాళ్ళ ఇనపకుండ, పక్కన రైతు భార్య వేషంలో ఒకావిడ. ఆవిడ గౌను చూసి ఆగిపోయాను. తెల్లటి గుడ్డ మీద ఎర్ర పూలు, పూల చుట్టూ సన్నటి నల్ల గీత, వంకర్లు తిరిగిన తీగ. నాకంటే ముందే అత్తయ్యగారు వంగి అంచు తిరగేసి చూసేశారు. “వెనక్కి రంగు దిగలేదు, మిషన్‌ది” అని తేల్చేశారు. “అత్తయ్యగారూ, ముట్టుకోకూడదండీ” అని నేను నీరుగారిపోతుంటే ఆవిడ మాత్రం పాపం నవ్వింది.

అప్పుడే అడిగాను, ఈ గుడ్డ ఎక్కడిదండీ అని. ఆవిడ వేషంలోంచి బయటికి రాకుండా, మా ఆయన పట్నంలో దుకాణంలో కొన్నాడు, లండన్ నుంచి ఓడలో వచ్చిందట అంది. మరి లండన్‌కి ఎక్కడి నుంచి వచ్చింది? లండన్ నుంచేనమ్మా అంది, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇండియా నుంచి కదా అన్నాను. అబ్బో, అది చాలా దూరమటగా, నేను ఈ కౌంటీ దాటి ఎరగను అని కుండలో గరిటె తిప్పుకుంది. ఈయన నా మోచెయ్యి పట్టి లాగుతున్నారు. వెనక లైను పెరుగుతోంది. వచ్చేశాను.

రాత్రి పప్పు తాలింపు పెడుతున్నా అదే. లండన్ నుంచేనమ్మా! ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మన బందరులో దుకాణం పెట్టింది 1611లో. అప్పటికి జేమ్స్‌టౌన్‌లో ఇంగ్లీషువాళ్ళు దిగి నాలుగేళ్ళు, తిండికి చచ్చిపోతున్నారు. ఆ తర్వాత మన అద్దకం బట్టలు ఇంగ్లండ్‌లో ఎంతగా అమ్ముడయ్యాయంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గొడవ చేసి 1700లో చట్టమే తెప్పించారు, ఇండియా నుంచి వచ్చిన అచ్చు బట్ట ఇంగ్లండ్‌లో వాడకూడదని. 1721లో ఇంకా బిగించారు. కానీ లండన్‌లో దించి మళ్ళీ ఓడెక్కించి బయటికి పంపితే తప్పు లేదు. అలా అమెరికా కాలనీలకి వచ్చింది. అంటే లండన్ ఆడవాళ్ళు కట్టకూడని గుడ్డ ఈ అడవిలో రైతు పెళ్ళాం కట్టుకోవచ్చు. ఇంత మంచి కథ పెట్టుకుని వెన్న ఊపించారు!

నాకంత రోషం ఎందుకో మీలో కొందరికి తెలుసు. అమ్మమ్మ వాళ్ళది పెడన, బందరు పక్కనే ఉన్న అద్దకాల ఊరు. వేసవి సెలవుల్లో పక్కింటి అద్దకం షెడ్డులోనే మా మకాం. కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన నీళ్ళలో గుడ్డ నానబెట్టేవాళ్ళు, ఆ కంపు మొదటిరోజు భరించలేం, రెండోరోజుకి ఉందని కూడా తెలియదు. పొడవాటి బల్ల మీద గోనెపట్టాలు మడతలు మడతలుగా పరిచి, దాని మీద గుడ్డ, టేకు చెక్క అచ్చు పెట్టి పైన పిడికిలితో ఒక్క గుద్దు. నలుపు వెంటనే కనిపిస్తుంది, అది తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళు. ఎరుపే తమాషా. పటిక అద్దిన చోట ఏమీ ఉన్నట్టే ఉండదు. రెండు రోజులు ఎండి, కాలవలో ఉతికి, రాగి డేగిసాలో వేసి ఉడికిస్తే అప్పుడు పటిక అద్దినచోటే ఎరుపు పట్టుకుంటుంది. ఎరుపుకి చిరివేరు అనే వేరు వాడే రోజులు అప్పటికే పోయాయి, అలిజరిన్ అనే రసాయన రంగు పొడి వేసేవాళ్ళు, అయినా డేగిసాలోంచి కర్రతో గుడ్డ పైకి లాగినప్పుడు పూలు బయటపడుతుంటే మేం కేకలు పెట్టేవాళ్ళం. పటిక పళ్ళెంలో నేను వేలు ముంచి గుడ్డ చివర నొక్కి పెట్టాను ఒకసారి, ఉడికాక నా వేలిముద్ర ఎర్రగా తేలింది. ఆ షెడ్డు మామయ్య తిట్టలేదు, ఆ ముక్క కత్తిరించి నాకే ఇచ్చాడు. తిట్టింది అమ్మమ్మ, వాళ్ళ గుడ్డ పాడు చేశావని.

ఆయన్నే అడిగాను ఇవన్నీ ఎక్కడికి వెళ్తాయి అని. బొంబాయి పార్టీ వస్తాడమ్మా, తీసుకెళ్తాడు అన్నాడు. ఆ తర్వాత? ఆ తర్వాత మనకెందుకు, డబ్బు టైముకి ఇస్తే చాలు అన్నాడు. టైముకి ఇచ్చేవాడు కాదు ఆ పార్టీ, అది వేరే విషయం. తర్వాత స్క్రీన్ ప్రింట్లు వచ్చి సగం ధరకి అవే పూలు అమ్మడం మొదలైంది, షెడ్డు మూసేశారు.

ఇది టైపు చేస్తుంటేనే అనిపిస్తోంది, వంటగది ఆవిడ మీద నాకు కోపం ఎందుకసలు? ఆ రైతు భార్యకి నిజంగానే లండన్ దాకే తెలుసు. మా పెడన మామయ్యకి బొంబాయి దాకే తెలిసినట్టు. కంపెనీ వ్యాపారమే అంత, ఈ చివర మనిషికి ఆ చివర మనిషి తెలియక్కర్లేదు, మధ్యలో లెక్క రాసుకునేవాడికి తెలిస్తే చాలు. పైగా 1774 నాటికి ఇంగ్లండ్‌లో కూడా మనవాటిని చూసి నేర్చుకుని బాగానే అచ్చేస్తున్నారు, ఆ గౌను నిజంగా అక్కడిదే కావచ్చు కూడా. ఆవిడ వేసిన పాత్రకి తెలియనిది తెలిసినట్టు నటించకపోవడమే సరైన పని అని ఇందాక ఈయన అంటే కసిరాను, ఇప్పుడు కాస్త నిజమే అనిపిస్తోంది.

కాస్తే. ఎందుకంటే కమ్మరి కొలిమి వెనక చిన్న చెక్క గది ఉంది, అక్కడ ముతక నార చొక్కా వేసుకుని ఒక నల్లజాతి ఆయన ఉన్నారు. ఆయన మొదటి మాటే, నేను ఎవరి బానిసగానూ నటించను, ఇప్పటి మనిషిగానే మాట్లాడతాను అని. ఆ చొక్కా గుడ్డ పేరు ఓస్నబర్గ్, జర్మనీలో ఒక ఊరి పేరట, దొరలు బానిసల కోసం గజాల లెక్కన కొనేవాళ్ళట. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముందు, అప్పటి వర్జీనియా రాజధాని విలియమ్స్‌బర్గ్ జనాభాలో సగానికి పైగా నల్లవాళ్ళే అని ఆయన చెప్తే పక్కన ఎవరో నమ్మలేదు, ఆయన ఓపిగ్గా మళ్ళీ చెప్పారు. ఆ విలియమ్స్‌బర్గ్‌లోనే 1994లో బానిసల వేలం నటించి చూపిస్తే ఎంత గొడవైందో ఎప్పుడో చదివాను. వేషంలో ఉండాలా బయటికి రావాలా అనేది ఆయనకి ఎప్పుడో తేల్చుకున్న విషయం, వంటగదిలో అది ఒక ఆట. ఒక్క నిమిషం గరిటె పక్కన పెట్టి, నేను వేసిన ఈవిడకి తెలియదు గానీ నాకు తెలుసమ్మా అంటే ఏం పోయేది? చిన్నది పక్కనే ఉంది. దానికి అమ్మమ్మ ఊరు పెడన అంటే వీడియో కాల్‌లో కనిపించే వరండా, అంతే.

కారులో ఈయన నన్ను నవ్వించడానికి ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ సంగతి తీశారు. 1781లో ఇక్కడ యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్‌కి లొంగిపోయి, 1786లో గవర్నర్ జనరల్ అయి మన నెత్తినే ఎక్కాడు, 1793లో జమీందార్లకి శాశ్వత శిస్తు పెట్టాడు. “ఇక్కడ ఫెయిలైనా అక్కడ ప్రమోషన్” అంటే పెద్దాడు మీ మేనేజర్ సంగతేనా నాన్నా అన్నాడు. అందరం నవ్వాం. అత్తయ్యగారు శిస్తు అనగానే వాళ్ళ నాన్నగారి రోజుల్లో జమీందారు మనుషులు వచ్చి గేదెని తోలుకెళ్ళిన కథ మొదలుపెట్టి ఇంటి దాకా చెప్పారు. మ్యూజియంలో విన్న అన్నిటికంటే అదే బాగుంది, పిల్లలు ఫోన్ ముట్టుకోలేదు.

చిన్నది రేపటి హోంవర్కుకి అక్కడ చూసిన ఒక వస్తువు గురించి రాయాలి. గౌను గురించి రాయవే అన్నాను. వెన్న గురించి రాస్తుందట.

ఇందాక మ్యూజియం నుంచి అభిప్రాయం అడుగుతూ మెయిల్ వచ్చింది. బందరు, 1611, 1700, చట్టం, అన్నీ రాసి చూస్తే స్క్రీన్ నిండిపోయింది, ఎవరు చదువుతారని అంతా కొట్టేసి, ఆ చెక్క గది ఆయన దగ్గర ఇంకాసేపు నిలబడనివ్వండి, బస్సు గుంపుల్ని ఆపండి అని రెండు ముక్కలు రాశాను. చుక్కలు అయిదుకి నాలుగు ఇచ్చాను. తగ్గించిన ఒకటి పార్కింగ్‌కి. అత్తయ్యగారి మోకాళ్ళతో అంత దూరం ఎండలో నడిపించారు, మెట్ల దగ్గర కూర్చోడానికి ఒక బల్ల లేదు.